మాస్టారి స్కార్ఫ్ ఎవరికివ్వాలి? స్కౌట్ దళాల ప్రశ్నలు, మా జవాబులు

ఏళ్ల తరబడి పైసా తీసుకోకుండా పిల్లల్ని నడిపించిన స్కౌట్ మాస్టరో, గైడ్ కెప్టెనో కన్నుమూస్తే దళం ఏం చేయాలన్నది ఈసారి ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన ప్రశ్న. అందుకే శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయించాం. సంతాప సభలో మాట్లాడేవాళ్లకు కొదవుండదు. మరుసటి వారం సామాను గది తాళం ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్లే దొరకరు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ప్రశ్న: మా ట్రూప్‌ను చాలాకాలంగా నడిపిన స్కౌట్ మాస్టర్ హఠాత్తుగా పోయారు. వచ్చే నెలలో క్యాంప్ ఉంది. ప్రస్తుతం సంతాప సభ పనుల్లో ఉన్నాం. ఇంకేమైనా మరిచిపోతున్నామా?

జవాబు: సభ పది రోజులు ఆలస్యమైనా నష్టం లేదు. పిల్లల ఆరోగ్య పత్రాలు ఆలస్యమైతే ఉంది. ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఉబ్బసం ఉందో రాసిన కాగితాలు చాలా దళాల్లో మాస్టారి ఇంట్లోనే ఉంటాయి. క్యాంప్ దగ్గర పడుతోంది కాబట్టి ముందు వాటి సంగతి చూడండి. ఇద్దరు మాత్రమే, కుటుంబం చెప్పిన వేళకు వెళ్లండి. ఏమేం కావాలో కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఆరోగ్య పత్రాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, సామాను గది తాళాలు, నగదు పెట్టె, బ్యాంకు పుస్తకం, బ్యాడ్జ్ పరీక్షల రికార్డు, క్యాంప్ స్థలానికి కట్టిన సొమ్ము రసీదు. తెచ్చినవాటికి రెండు ప్రతుల్లో జాబితా రాసి, సంతకం పెట్టి, ఒకటి ఇంటివాళ్లకివ్వండి. దళానిదో ఆయన సొంతమో తేలని వస్తువును ఆ రోజు అక్కడే వదిలేయండి. పిల్లల ఆరోగ్య వివరాలను ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపులో పంచుకోవద్దు.

బ్యాంకు ఖాతాకు ఆయన సంతకం అవసరమైతే మరణ సమాచారం బ్యాంకుకు తెలపాలి. ముందే సంతకం పెట్టి ఉంచిన చెక్కులున్నా వాడకూడదు. మంచి ఉద్దేశంతోనే చాలామంది చేసే తప్పిది. ఆయన ఫోన్‌లోకి వెళ్లి పాస్‌వర్డులు వెతకడం కూడా అంతే. అది కుటుంబం చేతిలోని విషయం.

ఆ తర్వాత మిగిలిన పెద్దలంతా కూర్చుని, ఆయన ఏ నెలలో ఏ పని చేసేవారో రాయండి. గుడారాలు ఆరబెట్టడం, ప్రథమ చికిత్స పెట్టెలో గడువు తీరిన మందులు మార్చడం, ఫీజు కట్టలేని పిల్లవాడి సంగతి బయటికి పొక్కకుండా సర్దడం లాంటివి ఏ రికార్డులోనూ ఉండవు. ఆ జాబితాను ఒక్కరి నెత్తిన పెట్టకండి. సామాను ఒకరికి, లెక్కలు ఒకరికి, తల్లిదండ్రులతో మాటలు ఒకరికి, బ్యాడ్జ్ రికార్డు ఇంకొకరికి పంచండి. పోయిన మనిషి పనంతా ఒంటిచేత్తో ఎత్తుకున్న వారసుడు కొన్ని నెలలకే చేతులెత్తేస్తాడు. అప్పుడు దళం ఇద్దరిని పోగొట్టుకున్నట్టు.

ప్రశ్న: మా కబ్ (స్కౌట్లలో చిన్నపిల్లల విభాగం) పిల్లలకు ఏడెనిమిదేళ్లు. వాళ్లకెలా చెప్పాలి?

జవాబు: అదే రోజు చెప్పండి, తిన్నగా చెప్పండి. ముందు తల్లిదండ్రులకు కబురు, తర్వాత సిక్సర్లకు (చిన్న జట్లను నడిపే పిల్లలకు) ముఖాముఖి, ఆపైన ప్యాక్ (కబ్ దళం) మొత్తానికి. అందరినీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చాలు: "మన మాస్టారు ఇవాళ చనిపోయారు. ఆయన గుండె పనిచేయడం ఆగిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మన మీటింగులు మామూలుగానే జరుగుతాయి." నిద్రపోయారనీ, దూరం వెళ్లారనీ అనొద్దు. ఆ వయసు పిల్లలు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. కొందరు రాత్రి పడుకోవడానికి భయపడతారు, కొందరు తిరిగొస్తారని ఎదురుచూస్తారు. దేవుడి ప్రస్తావన ఇంటివాళ్లకు వదిలేయడం మంచిది. ప్యాక్‌లో రకరకాల విశ్వాసాల పిల్లలుంటారు.

"అయితే ఇవాళ ఆట ఉందా?" అని వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. అది మనసు లేక అడిగింది కాదు, ఉందని చెప్పి ఆడించండి. ఏడ్చే పిల్లవాణ్ణి పక్కకు తీసుకెళ్లాల్సి వస్తే మిగతావాళ్ల కంటికి కనిపించేంత దూరంలోనే ఉండండి. "నేను పోయినసారి అల్లరి చేశాను, అందుకేనా?" అనే అనుమానం తర్వాతి వారాల్లో బయటపడవచ్చు. అందుకే మొదటి రోజే ఎవరి తప్పూ లేదని చెప్పమన్నాం. నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతింటే తల్లిదండ్రులతో మాట్లాడి వైద్యుడి దగ్గరికి పంపాలి.

ప్రశ్న: సంతాప సూచకంగా జెండా సగానికి దించాలనుకుంటున్నాం. స్కౌట్ పద్ధతిలో మడిచి కట్టిన జెండాను పైకి లాగాక విప్పుతాం కదా, మరి ఇదెలా?

జవాబు: జాతీయ జెండా జోలికి వెళ్లొద్దు. దాన్ని ఎప్పుడు అవనతం చేయాలో ప్రభుత్వ నియమాలే చెబుతాయి. దళం జెండాతో చేయండి. మడిచిన జెండాను స్తంభం కొసదాకా లాగి అక్కడే విప్పాలి. ఓ క్షణం ఆగి, మెల్లగా కిందికి దించాలి. జెండా పై అంచుకీ స్తంభం కొసకీ మధ్య కనీసం ఆ జెండా వెడల్పంత ఖాళీ కనిపించాలి. లేకపోతే తాడు జారి కిందికొచ్చిందనుకుంటారు. సాయంత్రం దించేటప్పుడు మళ్లీ కొసదాకా ఎత్తి, ఆ తర్వాతే కిందికి తేవాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఈ చివరి మెట్టే.

ముందురోజు తాలీం చేసి, జెండా సరైన చోట ఉన్నప్పుడు తాడు మీద క్లీట్‌కు (స్తంభం మీద తాడు చుట్టి కట్టే కొక్కేనికి) ఎదురుగా రంగు దారం చుట్టండి. తాడు లాగే పిల్లవాడు తలెత్తి అంచనా వేయనక్కర్లేదు, దారం వచ్చిన చోట ఆపి కట్టేస్తాడు. చేత్తో మోసే జెండాను సగానికి దించరు. కర్ర కొసకు నల్ల రిబ్బను ముడివేస్తే సరిపోతుంది.

ప్రశ్న: వలయంలో చుక్క ఉన్న గుర్తు సంతాపానికి వాడతారని విన్నాం. ఎక్కడ, ఎలా వేయాలి?

జవాబు: అది ట్రాకింగ్ (దారిలో వేసిన గుర్తులు చూస్తూ నడవడం) గుర్తు. దారి చివర వేసి "నేను ఇంటికి వెళ్లిపోయాను" అని చెప్పేది. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్-పవెల్ 1941 జనవరి 8న కెన్యాలోని న్యేరీలో కన్నుమూశారు. అక్కడి ఆయన సమాధి రాయి మీద ఈ గుర్తే ఉంది.

నేల మీద మీటరు అడ్డుకొలతతో వేస్తే చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ కనిపిస్తుంది. రెండు పుల్లలకు అర మీటరు తాడు కట్టండి. ఒక పుల్ల మధ్యలో గుచ్చి, రెండోదాంతో చుట్టూ గీత గీయండి. ఆ గీత మీద పిడికిలంత రాళ్లు ముప్ఫై అయిదు దాకా పడతాయి. మధ్య చుక్కకు కొంచెం పెద్ద రాయి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో రాయి పెట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ, గీత ముందే గీయకపోతే వలయం గుడ్డు ఆకారంలోకి వెళ్లి చివరి రాళ్లకు చోటుండదు. మధ్యలో చుక్కే ఉండాలి. అడ్డగీతలు (X ఆకారం) పెడితే అర్థం మారిపోతుంది. ట్రాకింగ్‌లో అడ్డగీతల గుర్తు ఈ దారిన వెళ్లొద్దని చెప్పేది. కార్యక్రమం కాగానే రాళ్లు ఎక్కడివక్కడ పెట్టించండి.

ప్రశ్న: మాస్టారికి వుడ్ బ్యాడ్జ్ (స్కౌట్ నాయకుల శిక్షణ) పూసలు నాలుగున్నాయి. విడదీసి నలుగురు పెట్రోల్ లీడర్లకు (దళంలోని చిన్న జట్ల నాయకులకు) ఇద్దామని కొందరు, స్కార్ఫ్‌తో కలిపి ఫ్రేమ్ కట్టిద్దామని కొందరు. ఏది సరైనది?

జవాబు: పూసలు విడదీయకండి. బేడెన్-పవెల్ దక్షిణాఫ్రికా నుంచి తెచ్చుకున్న ఒక దండలోంచి మొదటి పూసలు తీశారు. 1919 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని గిల్‌వెల్ పార్కులో తొలి వుడ్ బ్యాడ్జ్ శిక్షణ జరిగింది. రెండు పూసలంటే ఆ శిక్షణ పూర్తిచేసిన నాయకుడు. మూడు, నాలుగు పూసలు ఇతర నాయకులకు శిక్షణనిచ్చే స్థాయికి గుర్తు. అంటే మీ మాస్టారు పిల్లలకే కాదు, మాస్టర్లకూ మాస్టరు. ఒంటి పూసకు ఆ అర్థం మిగలదు, పెట్రోల్ లీడర్లు దాన్ని ధరించనూ కూడదు.

అసలు అవి ఎవరివన్నది ముందు తేలాలి. పూసలు, స్కార్ఫ్, పతకాలు కుటుంబానివి. వాళ్లు ఇస్తేనే దళం తీసుకోవాలి. అదీ సంతాప సభ వేదిక మీద నలుగురి ముందు అడగొద్దు, కాదనలేని ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది. మూడు నెలలాగి అడగండి.

ఫ్రేమ్ కట్టిస్తే మూడు జాగ్రత్తలు. స్కార్ఫ్‌ను జిగురుతో అంటించకూడదు. కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి బట్టను తినేస్తుంది. ఆమ్లరహిత అట్టకు ఉతికిన తెల్ల నూలుగుడ్డ చుట్టి, స్కార్ఫ్‌ను దాని మీద పలచని నూలుదారంతో దూరదూరంగా కుట్టాలి. అద్దం బట్టను తాకకూడదు. తాకితే లోపల చేరిన చెమ్మకు బూజు పడుతుంది. కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచే లోతైన ఫ్రేమ్ అడగండి. ఎండ తగిలే గోడకు తగిలించొద్దు. రంగు వెలిసిందంటే తిరిగి రాదు. ఫ్రేమ్ కట్టే ముందు స్కార్ఫ్ ఉతకాలా అని అడుగుతారు. మరక ఉంటే ఉండనివ్వండి, అది ఏ క్యాంప్ మట్టో. బట్టలో తేమ, పురుగు లేకపోతే చాలు. పూసల తోలుతాడు ఎండి పెళుసుబారినా నూనె రాయకండి. కొత్త తాడు అవసరమైతే పాతదాన్ని పారేయకుండా పక్కనే ఉంచండి.

ప్రశ్న: పాత సభ్యుల జ్ఞాపకాలు సేకరించి పుస్తకం వేయాలనుకున్నాం. వచ్చిన వ్యాసాలన్నీ "ఆయన మహానుభావుడు, క్రమశిక్షణకు మారుపేరు" అని ఒకేలా ఉన్నాయి. ఫొటోలు, లాగ్‌బుక్కులు కూడా పెట్టెల నిండా ఉన్నాయి.

జవాబు: వ్యాసం రాయమంటే ఎవరైనా విశేషణాలే రాస్తారు. రాయమనకండి, అడగండి. "క్యాంప్‌లో అర్ధరాత్రి వాన పడితే మాస్టారు మొదట ఏం చేసేవారు? బౌలైన్ ముడి నేర్పేటప్పుడు ఏమని చెప్పేవారు? విజిల్ ఎన్నిసార్లు ఊదితే ఏమిటి? ఎప్పుడు కోపమొచ్చేది? ఆయనకు చేతకానిదేమిటి?" చివరి ప్రశ్నకు నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనకే అసలు మనిషి వస్తాడు. ఒకే క్యాంప్‌కు వెళ్లిన ఇద్దరిని కలిపి కూర్చోబెడితే ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తారు. అయితే గొంతు పెద్దదున్నవాడిదే నెగ్గుతుంది కాబట్టి రెండోవాణ్ణి తర్వాత విడిగా కలవండి. ముడి వేసిన తీరు, గొడ్డలి పట్టిన తీరు మాటల్లో చెబితే అందదు. వాళ్ల చేతులను వీడియో తీయండి.

రికార్డింగుకు ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి జానెడు దూరంలో ఉంచండి. ఫ్యాను, ఫ్రిజ్ చప్పుడు మనకు వినపడదు గానీ రికార్డులో గుయ్యిమంటుంది. మొదట పేరు, తేదీ, ఊరు చెప్పించండి. ఎక్కడ వాడతారో చెప్పి సమ్మతి కూడా అక్కడే రికార్డు చేయండి. నలభై నిమిషాలు దాటితే ముసలివాళ్లు అలసిపోతారు, ఇంకో రోజు వెళ్లండి.

ఫొటోల్లో అతి పెద్ద శత్రువు జిగురు పేజీల ఆల్బమ్. ప్లాస్టిక్ పొర ఎత్తి ఫొటో అతికించే రకం అది. లాగితే ఫొటో చిరుగుతుంది. పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడించండి. రాకపోతే బలవంతం చేయక, ఆ పేజీని అలాగే స్కాన్ చేయండి. పోస్టుకార్డు సైజు ఫొటోకు 600 డీపీఐ చాలు. 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌కైతే 2400కు తగ్గొద్దు. దాచుకునే ప్రతి టిఫ్, పంచుకునే ప్రతి జేపెగ్. వెనకవైపు బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గాడి పడుతుంది. మెత్తని పెన్సిల్‌తో అంచున నంబరు మాత్రం వేసి, పేర్లు ఎడమ నుంచి కుడికి వేరే పుస్తకంలో రాయండి. సంవత్సరం తెలియకపోతే ఊహించి రాయకండి. ఒకసారి రాసిన తప్పుడు సంవత్సరాన్ని అందరూ నిజమని ఎత్తిరాసుకుంటారు. "1980లలో" అని వదిలేయడం నయం.

లాగ్‌బుక్కుల్లో తుప్పు పట్టిన పిన్నులు, స్టేపుళ్లు ఉంటే జాగ్రత్తగా తీసేయండి. చిరిగిన పేజీకి సెల్లోటేప్ వేయొద్దు. లామినేషన్ అసలే వద్దు, వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేరు. స్కాన్ చేసినవాటికి మూడు ప్రతులుండాలి. రెండు వేర్వేరు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఇంట్లో. పిల్లల ఫొటోలు బయట పెట్టేముందు, వాళ్లిప్పుడు పెద్దవాళ్లే అయినా, అడిగి పెట్టండి.

ప్రశ్న: స్మారక క్యాంప్ ఫైర్ చేస్తే మరీ విషాదంగా అయిపోదా?

జవాబు: మొదటి నుంచీ మెల్లగా మొదలుపెడితే అవుతుంది. మామూలు క్యాంప్ ఫైర్ నడకనే నమ్ముకోండి. మంట ఎగిసినప్పుడు గోల పాటలు, స్కిట్లు, మంట తగ్గుతున్నకొద్దీ నెమ్మది పాటలు, చివర మాటలు. ఆయన ఎప్పుడూ పాడించే వెర్రి పాట తప్పక ఉండాలి. మొత్తం గంట, గంటంబావు. జ్ఞాపకాలు చెప్పేవాళ్లు నలుగురికి మించొద్దు, తలా రెండు నిమిషాలు. మైకు అందరికీ ఇస్తామంటే పదోవాడి దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లలు నిద్రలో ఉంటారు.

కట్టెలను గడి ఆకారంలో, ఒక వరుస అడ్డంగా ఒక వరుస నిలువుగా పేర్చితే మంట నిలకడగా కాలి తనంతట తాను కుంగుతుంది. మౌనం పాటించేవేళకు కావాల్సింది అదే. మధ్యలో కట్టెలు వేస్తూపోతే ఆ లెక్క తప్పుతుంది. చుట్టూ మూడు మీటర్ల మేర గడ్డీ గాదరా తీసేసి, నీళ్ల బకెట్లు పక్కన ఉంచండి. మౌనం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గడియారం పట్టుకున్న ఒక్కరే చెప్పాలి. పెద్దలకు రెండు నిమిషాలు, కబ్ పిల్లలుంటే ఒక్క నిమిషం. పాత క్యాంప్ ఫైర్ల బూడిదను కొత్త మంటలో కలిపే ఆనవాయితీ మీకుంటే, మరుసటి రోజు పూర్తిగా చల్లారాక, చేత్తో తాకి చూసి, మూతున్న రేకు డబ్బాలోకి తీయండి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు చాలాసేపు దాగి ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా, కాగితం సంచి పనికిరావు.

ప్రశ్న: ఆయన పేరు మీద చెట్టు నాటితే?

జవాబు: నాటొచ్చు. కానీ రెండేళ్లు నీళ్లు పోసేది ఎవరో పేరు రాసుకున్నాకే. స్మారక మొక్క ఎండిపోతే ఆ కుటుంబానికి ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టే ఉంటుంది. స్థలం ఎవరిదో, పదేళ్ల తర్వాత అక్కడ కట్టడం వస్తుందేమో ముందు కనుక్కోండి. గుంత వెడల్పు వేరుముద్దకు రెండు మూడింతలుండాలి, లోతు మాత్రం వేరుముద్దంతే. లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. ఆకులు, పొట్టు అయిదారు సెంటీమీటర్ల మందాన పరవండి, కాండానికి ఆనకూడదు. పేరు పలకను చెట్టుకు మేకుతో కొట్టొద్దు, తీగతో కట్టొద్దు. కాండం లావెక్కుతుంటే తీగ గొంతు నులుముతుంది. పక్కన చిన్న గుంజ పాతి దానికి బిగించండి.

ప్రశ్న: పేద పిల్లల క్యాంప్ రుసుము కోసం స్మారక నిధి పెడదామని కొందరు, హాలుకు ఆయన పేరు పెడదామని కొందరు.

జవాబు: మా ఓటు నిధికి, అదీ గడువున్న నిధికి. అసలు సొమ్ము ముట్టకుండా, ఏటా 4 శాతమే ఖర్చు చేస్తూ శాశ్వతంగా నడపాలంటే ఒక పిల్లవాడి రుసుముకు 25 రెట్ల సొమ్ము జమ కావాలి. పైగా రుసుములు పెరుగుతూ పోతాయి. అంత పోగవదు, నిధి పేరుకే మిగులుతుంది. దానికన్నా "ఏడాదికొకరు చొప్పున పదేళ్లు" అని ప్రకటించి అసలు సొమ్మే ఖర్చు పెట్టేయండి. డబ్బు దళం ఖాతాలోకే రావాలి, రెండు సంతకాలు ఉండాలి. సాయం అందుకున్న పిల్లవాడి పేరు వేదిక మీద చదవకూడదు. మీ మాస్టారు గుట్టుగా చేసిన పనిని బోర్డెక్కించినట్టవుతుంది.

హాలు పేరు విషయంలో ఏడాది ఆగండి. తొలి వారాల దుఃఖంలో చేసిన తీర్మానాన్ని తర్వాత ఎవరూ ప్రశ్నించలేరు. ఇంకో కారణం కూడా ఉంది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఏ నాయకుడి గురించైనా, పోయాక కూడా, పాత సభ్యులెవరైనా ఫిర్యాదు చేస్తే "పోయినవాళ్లను అంటావా" అని నోరు నొక్కకండి. మీరే విచారణ మొదలుపెట్టకుండా సంస్థలో పిల్లల రక్షణ చూసేవారికి వెంటనే తెలపండి.

ప్రశ్న: సంస్థ పత్రికకు 250 మాటల్లో ఆయన గురించి రాసి పంపమన్నారు.

జవాబు: మొదటి వాక్యంలో పేరు, హోదా, దళం, మరణించిన తేదీ. వారంట్ (నాయకుడిగా నియమించిన పత్రం) తేదీని ఎవరి జ్ఞాపకం నుంచీ తీసుకోకండి, వారంట్ పత్రమో సభ్యత్వ రిజిస్టరో చూసి రాయండి. ఎన్నేళ్ల సేవ అన్నదాంట్లో మధ్యలో మానేసిన ఏళ్లు కలపకండి. ఆయన మొదలుపెట్టిన పని ఒకటి, ఎవరైనా తాకి చూడగలిగేది రాయండి: తయారుచేయించిన చెక్క పడవ, గీసిన ట్రాకింగ్ పటం, ఏదైనా సరే. ఇంట్లో ఒకరికి చదివి వినిపించాకే పంపండి. పేర్లలో అక్షరదోషాలు దొరికేది అక్కడే.